నాగావళి జలుబు

ఓడ వెళ్ళి 4,019వ రోజు

పొద్దున్న పదిన్నరకి రవ్వ తుమ్మింది.

రవ్వ మా పక్కింటి పిల్ల. అసలు పేరు రేవతి, నాలుగేళ్ళు. వాళ్ళమ్మ పంటశాలలో పనికి వెళ్తుంది కాబట్టి పొద్దుటి పూటంతా మా నాన్న దగ్గరే ఉంటుంది. నాన్న దాన్ని చంకనేసుకుని ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి పిల్ల బిగుసుకుపోయి ఉంది. ముక్కులోంచి నీళ్ళు పెదవి మీదికి కారుతున్నాయి. నన్ను చూడగానే, తన తల కారిపోతోందని రహస్యంగా చెప్పింది. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలకి కారడమంటే పైపు కారడమే. పైపు కారితే సైరను మోగాలి, పెద్దవాళ్ళు పరిగెత్తాలి. ఇంత కారుతున్నా ఎవరూ పరిగెత్తడం లేదేమని దాని బెంగ.

డాక్టరు గున్నమ్మ గారు గొంతులో టార్చి వేసి చూశారు. చెవులు చూశారు. వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి విన్నారు. అన్నీ అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "జలుబు" అన్నారు. చాలా ఏళ్ళ కిందట తప్పిపోయిన మనిషి పేరు పలికినట్టుగా అన్నారు.

ఆవలిగట్టు అనే ఈ ఊళ్ళో మేం నాలుగు వందల పన్నెండు మందిమి. ఇంత కొద్దిమందిలో జలుబు బతకలేదు. అందరికీ ఒక చుట్టు అంటుకుని, ఇంక అంటుకోవడానికి మనిషి దొరక్క చచ్చిపోతుంది. కొత్త జలుబు రావాలంటే కొత్త మనుషులు రావాలి. మనుషులు రావాలంటే ఆకాశం నుంచి ఓడ దిగాలి. అందుకే మా దగ్గర జలుబులకి ఓడల పేర్లు: పినాకిని జలుబు, శబరి జలుబు, నాగావళి జలుబు. రెండేళ్ళలో తిరిగొస్తానని వెళ్ళిన నాగావళి పదకొండేళ్ళయినా రాలేదు. నడిదారిలో ఉన్న రిలే కేంద్రం మూగబోయాక కబురు కూడా లేదు. ఓడ లేదు, జలుబూ లేదు.

నాగావళిలో మా అమ్మ ఉంది. ఇంజను మరమ్మతు పని.

రిజిస్టరులో రాశాను: రేవతి, 4 సం., తుమ్ములు, ముక్కు కారుట, జ్వరం లేదు. చివర "ఎవరి నుంచి" అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలేసి, దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అలా ఊరికే కూర్చోలేకే ఈ రిజిస్టరు వెనక పేజీల్లో ఇదంతా మొదలుపెట్టాను.

4,020వ రోజు

ఈ రోజు ఇంకో పదకొండు మంది. అందులో ఇద్దరు మా కాలేజీ బ్యాచివాళ్ళు. మొత్తం బ్యాచే ఆరుగురం.

గున్నమ్మ గారు బీరువా అడుగు నుంచి పాత కాగితం తీసి గోడకి అంటించమన్నారు. జలుబుకి మందు లేదు. బ్యాక్టీరియా మందులు దీని మీద పనిచేయవు, అడగవద్దు. రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉంటుంది. వారం, పది రోజుల్లో దానంతటదే పోతుంది. విశ్రాంతి తీసుకోండి. గోరువెచ్చని నీళ్ళు, చారు తాగండి. గొంతుకి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. తుమ్మితే మోచేతి మడతలోకి తుమ్మండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, కడుక్కోకుండా కళ్ళూ ముక్కూ ముట్టుకోకండి. ఊపిరి అందకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా, నెలల పిల్లలు పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. నేను అంటిస్తుంటే నా వెనక జనం నిలబడి పాటల పుస్తకం చదివినట్టు పైకి చదివారు.

పిల్లలకి ముక్కు చీదడం రాదు. ఎవరు నేర్పారు గనక! నేనూ గున్నమ్మ గారూ బడిలో ఇరవై మందిని వరసగా కూర్చోబెట్టి, ఒక పక్క మూసి ఇంకో పక్క నుంచి మెల్లగా చీదమని చూపించాం. వాళ్ళు ముక్కు మూసుకుని నోటితో ఊదారు. రవ్వకి మాత్రం నిమిషంలో పట్టుబడింది. ఇప్పుడది మిగతా పిల్లలకి పంతులమ్మ.

మధ్యాహ్నానికి ఊరంతా ఒకటే మాట. ఓడ వచ్చింది. మన మైదానం మంచుతో మూసుకుపోయింది కాబట్టి కొండకి అవతల పాత మైదానంలో దిగి ఉంటుంది. మంచు బండి నడిపే తవుడు ఐదు రోజుల కిందట ఆ వైపు నుంచే వచ్చాడు. అక్కడ ఎవరినో కలిశాడు, వాళ్ళ దగ్గర జలుబు అంటించుకున్నాడు, ఎందుకో దాస్తున్నాడు. తవుడు భోజనశాలలో కంచం ముందు కూర్చుని, తనకి మంచు తప్ప ఏదీ కనపడలేదని తల్లి మీద ఒట్టేశాడు. అతని ముక్కు పొడిగా ఉంది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. పట్టించుకోవాలని నాకు లేదు.

4,022వ రోజు

ఓడ ఎక్కేవాళ్ళు తమ ఒంటి మీది గుడ్డ ఒకటి ఇంట్లోవాళ్ళకి వదిలి వెళ్ళడం మా ఊరి ఆనవాయితీ. వాసన పోతుందని దాన్ని ఉతకరు. ఈ రోజు ఎన్ని ఇళ్ళలో ఆ గుడ్డలు బయటికొచ్చాయో! తువ్వాళ్ళు, కండువాలు, ఒక చిన్న మేజోడు. వాటిని గుమ్మాల్లో కట్టి ఓడకి స్వాగతం అంటున్నారు.

మా ఇంట్లో అలాంటి గుడ్డ లేదు. అమ్మ ఏమీ వదల్లేదని చిన్నప్పుడు నాన్న చెప్పాడు. మళ్ళీ అడగలేదు.

నాకు మిగిలింది ఒక అరచెయ్యి. శబరి జలుబు ఒక పసిపిల్ల ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం తీసిందట. అందుకని నాగావళి వచ్చినప్పుడు పన్నెండేళ్ళ లోపు పిల్లలందర్నీ పై అంతస్తులో గాజు గదుల్లో పెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కో గది, నలభై రోజులు. అన్నం కిటికీలోంచి. గాలి కూడా ఎవరిది వాళ్ళదే. ఓడ వెళ్ళే ముందురోజు అమ్మ ఎర్రబడ్డ ముక్కుతో గాజుకి అవతల నిలబడి అరచెయ్యి ఆనించింది. నేను ఇటు నుంచి ఆనించాను. గాజు చల్లగా ఉంది. అమ్మ ఏదో అంటోంది, వినపడలేదు. మిగతా తల్లులు ఏడ్చారు. మా అమ్మ ఏడవలేదు. గోడలోని గాలి గొట్టం మూత వైపు పదేపదే చూస్తోంది. వెళ్ళిపోయే ముందు కూడా దాని బోల్టులే లెక్కపెడుతోందనుకున్నాను. పదకొండేళ్ళుగా ఆ కోపాన్ని ఉతక్కుండా దాచుకున్నాను.

ఓడ మీద పనికి కావలసిన చదువు మూడేళ్ళు చదివాను. ఈసారి ఓడ వస్తే ఒక చోటు నాది. ఇక్కడ అన్ని గోడలూ ఎన్ని అడుగులున్నాయో నాకు తెలుసు. అమ్మని చూడాలి. చూసి ఏమంటానో తెలియదు.

ఈ సాయంత్రం రవ్వ ఎంగిలి గ్లాసులో మిగిలిన చారు తాగాను. ఆసుపత్రిలో పనిచేసే మనిషి చేయకూడని పని. ఆ జలుబు నాకు కావాలి. ఓడ మీంచి వచ్చినదేదైనా సరే, ముందు నా ఒంట్లోకి రావాలి.

4,023వ రోజు

సన్యాసిరావు గారు సభ పెట్టారు. ఆయన ఊరి సంఘానికి పెద్ద. మామూలుగా నీళ్ళ వాటాల గురించి తప్ప నోరు తెరవని మనిషి, ఈ రోజు లేచి నిలబడి మాట్లాడారు. అవతల ఓడ దిగి ఉంటే వాళ్ళకి దారి తెలియదు, తిండి ఎన్నాళ్ళుంటుందో తెలియదు. మనమే వెళ్ళాలి. రెండు బళ్ళు, ఆరుగురు. పంటశాలని వేడిగా ఉంచే బ్యాటరీల్లో సగం బళ్ళకి పెట్టాలి. 4,027న బయల్దేరాలి.

ఇది గాలుల కాలం. కొండ నడుమ మంచు నెర్రె ఈ కాలంలో రోజుకో చోట తెరుచుకుంటుంది. పోయినసారి ఇదే కాలంలో వెళ్ళిన బండి ఇంకా దాని అడుగునే ఉంది. తవుడు ఆ మాట అంటే, ఓడని ఒక్కడివే చూసుకుని మమ్మల్ని పోనివ్వవా అని ఎవరో ఎత్తిపొడిచారు. అతను తల దించుకున్నాడు.

ఆరుగురిలో వైద్యం తెలిసినవాళ్ళు ఒకరుండాలన్నారు. నేను లేచి నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి నాన్న మిరియాల చారు కాస్తున్నాడు. విషయం ఆయనకి అప్పటికే తెలిసింది. వద్దంటాడని, దెబ్బలాడాలని దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను. వద్దనలేదు. కాగుతున్న చారునే చూస్తూ గరిటె తిప్పాడు. పొంగి పొయ్యి మీద పడినా తిప్పుతూనే ఉన్నాడు.

4,025వ రోజు

నాకు రాలేదు.

గొంతు గరగర లేదు, కళ్ళ మంట లేదు. రవ్వ నా మొహం మీద ఎన్నిసార్లు తుమ్మిందో! మా బ్యాచిలో మిగతా ఐదుగురూ మూలుగుతూ పడుకున్నారు. వాళ్ళని చూస్తే అసూయగా ఉంది.

ఆ అసూయతోనే రిజిస్టరు ముందేసుకుని పేర్లు వయసుల వరసలో మళ్ళీ రాశాను. డెబ్భై తొమ్మిది మంది. అందరికంటే పెద్దవాళ్ళకి ఇరవై రెండు. ఇరవై రెండు దాటినవాళ్ళు ఒక్కరు లేరు. పెద్దవాళ్ళకి ఆలస్యంగా వస్తుందేమో అని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఏడు రోజులైంది. ఒళ్ళో జలుబు పిల్లల్ని వేసుకుని పడుకునే తల్లులకి రాలేదు. రోజంతా రవ్వ ముక్కు తుడిచే మా నాన్నకి రాలేదు.

కాగితం గున్నమ్మ గారి ముందు పెట్టాను. ఆవిడ వేలితో వరస వెంట దిగుతూ, ఇరవై రెండు దగ్గర ఆగారు. కళ్ళద్దాలు తీసేశారు.

"ఇది కొత్తది కాదమ్మా" అన్నారు. "మాకు వచ్చి పోయినదే. ఒకసారి పట్టిన రకాన్ని ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ గుమ్మం తొక్కనివ్వదు. ఇది నాగావళిది."

ఆ జలుబు తెలియనివాళ్ళు రెండే రకాలు. ఓడ వెళ్ళాక పుట్టినవాళ్ళు, గాజు గదుల్లో ఉన్నవాళ్ళు. ఇప్పుడు తుమ్ముతున్నది సరిగ్గా వాళ్ళే. అంటే కొండ అవతల ఎవరూ లేరు. ఓడ లేదు.

"చచ్చిపోయిన జలుబు ఇన్నేళ్ళు ఎక్కడుంటుందండి?" అని అడిగాను.

"బాగా గడ్డకట్టే చోట ఉండొచ్చు. మన ఊళ్ళో అంత చలి ఎక్కడుంది, విత్తనాల గదిలో తప్ప" అని, నా మొహం చూసి ఆగిపోయారు. విత్తనాల శీతల గది కాపలా మా నాన్నది. పోయిన వారం దాని యంత్రం ఆగిపోతే, బాగు చేసేదాకా పొట్లాలన్నీ బయట పెట్టారు.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. గాజు గదుల్లో ఇరవై తొమ్మిది మందిమి ఉన్నాం. ఇరవై ఎనిమిది మందికి వచ్చింది. మరి నాకెందుకు రాలేదని అడిగాను.

ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "నీకు అప్పుడే వచ్చి పోయుండాలి. ఎలాగంటే ఏటి చెప్పను? మీ నాన్ననడుగు."

4,026వ రోజు

నాన్న బియ్యం ఏరుతున్నాడు. రవ్వ ఆయన పక్కన కూర్చుని మట్టిగడ్డలన్నీ తిరిగి చేటలో వేస్తోంది. దానికి తగ్గిపోతోంది, గొంతు మాత్రం ముసలమ్మలా ఉంది.

నేను కాగితం చేట మీద పెట్టాను. నాన్న చదవలేదు. లేచి వెళ్ళి బట్టల పెట్టె అడుగు నుంచి ఒక విత్తనాల పొట్లం తెచ్చాడు. మీద "చిక్కుడు" అని ఆయన చేతి రాత. లోపల నీలం చేతిరుమాలు, ఉండచుట్టి ఉంది.

ఇన్నేళ్ళూ వాసన పోకుండా శీతల గదిలో విత్తనాల మధ్య దాచి, యంత్రం ఆగినప్పుడు ఇంటికి తెచ్చాడట. పదకొండేళ్ళలో మొదటిసారి విప్పాడట. ఒక్క నిమిషం మంచం మీద పెట్టి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి రవ్వ దాన్ని బొమ్మకి దుప్పటిలా కప్పి, ముద్దులు పెడుతోంది. మూడో రోజుకి తుమ్మింది.

"అప్పుడే తెలిసింది నాకు" అన్నాడు. "చెప్దామనే ఆసుపత్రికొచ్చాను. నీ మొహం చూశాను. ఇన్నేళ్ళలో నా గుంట మొహం అలా వెలగడం చూళ్ళేదు. ఏటని చెప్పను?"

నేను రేపు బండెక్కుతున్నానని, ఆ నెర్రెలో ఆరుగురం పోయినా చెప్పేవాడివి కాదా అని అడిగాను. అరిచి ఉంటాను. రవ్వ చేట వదిలి నాన్న వెనక దాక్కుంది.

ఈ పొద్దున్నే సన్యాసిరావు గారింటికి వెళ్ళాడట. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడట. నిన్నా అంతేనట. చెప్తే రెండో మాట కూడా చెప్పాలి. ఆ రెండో మాట ఆయనది కాదు, అమ్మది.

ఆ మాట ఏమిటో నేను అడిగే లోపల ఆయనే చెప్పాడు.

"మీ అమ్మ నిన్ను ముట్టుకోకుండా వెళ్ళలేదమ్మా. గాలి గొట్టం మూత విప్పి లోపలికి దూరింది. తెల్లారగట్ట. నువ్వు నిద్రలో ఉన్నావు. గంటసేపు నీ పక్కన పడుకుంది. వచ్చి ఏడ్చింది. నా జలుబు అంటితే పిల్ల ఏవైపోద్దో అని ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దంది, నీక్కూడా. ఇదిగో, ఈ గుడ్డతోనే తుడుచుకుంది."

చేట పక్కకి జరిపి నాన్న ఎదురుగా కూర్చున్నాను.

నాకు గుర్తున్నది ఇది: ఓడ వెళ్ళాక గాజు గదిలో వారం రోజులు నా ముక్కు కారుతూనే ఉంది. కళ్ళు మండాయి, తల బరువుగా ఉంది. ఏడుపు అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు. కిటికీలోంచి అన్నం పెట్టే ఆవిడ, ఊరుకోమ్మా అనేది. దిండుకి ఇంజను నూనె వాసన వచ్చేది. ఆ వాసన బెంగ కొద్దీ నేనే కల్పించుకుంటున్నానని దిండు తిరగేసి పడుకునేదాన్ని.

రుమాలు తీసుకుని ముక్కుకి ఆనించుకున్నాను. నాకేమీ కాదు. ఊరి పిల్లలందరిలో నాకు మాత్రమే ఏమీ కాదు.

నూనె వాసన.

4,026, సాయంత్రం

సభలో నేనే చెప్పాను. కాగితం చదివాను, రుమాలు సంగతి చెప్పాను. గాజు గది సంగతి కూడా చెప్పాను. లేకపోతే ఇరవై తొమ్మిదో పేరు ఎందుకు లేదో లెక్క కుదరదు. నాన్న తల దించుకుని నా పక్కనే నిలబడ్డాడు.

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు వందల మంది ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది, అంతే. ముందు వరసలో ఒకావిడ ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని కూర్చుంది, గుమ్మానికి కట్టినది విప్పి తెచ్చినట్టుంది. దాన్ని మెల్లగా మడతపెట్టింది. ఇంకోసారి మడతపెట్టింది.

శబరి జలుబుకి పోయిన పసిపిల్ల సన్యాసిరావు గారి మనవరాలు. గాజు గదుల నియమం పెట్టింది ఆయనే. ఆయన నాన్న దగ్గరికి నడిచి వచ్చారు. కొడతారేమో అనుకున్నాను.

"వరహాలు గంటసేపు ఉందా?" అని అడిగారు. వరహాలు మా అమ్మ పేరు.

నాన్న తల ఊపాడు.

"ఓడెక్కే ముందు మా కోడలు గాజు దగ్గరే నిలబడింది, తన పెద్దకొడుకు కోసం. నేనే లోపలికి పోనివ్వలేదు" అన్నారు. బళ్ళలో పెట్టిన బ్యాటరీలు తిరిగి పంటశాలకి పంపించమని చెప్పి వెళ్ళిపోయారు.

బయట తవుడు బండికి ఆనుకుని ఉన్నాడు. క్షమించమన్నాను. "పర్లేదు తల్లీ. నేనూ రోజూ మన మైదానం చుట్టూ ఒకపాలి తిరిగే వస్తాను, దారి కాకపోయినా" అన్నాడు.

4,029వ రోజు

ఊళ్ళో ఆరు వారాల పసివాడున్నాడు. రుమాలు మరిగించాల్సిందే అన్నారు గున్నమ్మ గారు. నేను చేస్తానన్నాను. నాన్న గిన్నె నా చేతిలోంచి తీసుకుని తనే పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళు తెర్లేదాకా ఇద్దరం నిలబడ్డాం. వేసే ముందు ఆయనొకసారి వాసన చూసి, నాకిచ్చాడు. నేను చూసి, ఆయనకిచ్చాను. అలా రెండుసార్లు.

ఆరాక చూస్తే ఉత్త నీలం గుడ్డ. రవ్వ తనకి కావాలంది. ఇచ్చాం.

4,041వ రోజు

ఐదు రోజులుగా ఎవరూ తుమ్మలేదు. పసివాడి జోలికి పోకుండానే జలుబు ఊరంతా ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. చివరిది నిన్న మూసిన కేసు, తొమ్మిదేళ్ళ కుర్రాడు. ఇంకెవరూ మిగల్లేదు. అమ్మ ఎన్నడూ చూడని పిల్లలతో కలిపి ఎనభై ఎనిమిది మంది అమ్మ జలుబుతో తుమ్మారు, చీదారు, చారు తాగి పడుకున్నారు. భోజనశాల మళ్ళీ నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో ఎవరైనా తుమ్ముతారేమోనని చెవి అటే పోతోంది.

ఈ పొద్దున్న గున్నమ్మ గారు నాగావళి నాటి రిజిస్టరు తీసి నా బల్ల మీద పెట్టారు. అట్ట ఊడింది. పెద్దవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. నలభై మూడో వరసలో అమ్మ పేరు. "ఎవరి నుంచి" అన్న చోట, ఓడ వంటవాడు. చివరి పేరు కింద ఒక వరస ఖాళీ ఉంది. ఆవిడ కలం మూత తీసి పక్కన పెట్టి, రోగులు ఎవరూ లేకపోయినా వార్డులోకి వెళ్ళిపోయారు.

రాశాను. తరళ, 11 సం., ముక్కు కారుట, కళ్ళ మంట, ఏడు రోజులు.

చివరి గడి చాలా చిన్నది. రెండక్షరాలు పట్టాయి. అమ్మ.